సేవ అని పేరు పెట్టిన శిక్ష

నేను ముప్ఫై ఏళ్ళకి పైగా ప్రొబేషన్ అధికారిగా పనిచేసి ఏలూరులో రిటైరయ్యాను. ఆ ఉద్యోగం ఏమిటో మా బంధువుల్లో సగం మందికి ఇప్పటికీ తెలియదు. నేను సర్వీసులో పాతబడిపోయాక కూడా మా మేనత్త ఒకావిడ, "ఇంకా ప్రొబేషన్‌లోనే ఉన్నావా తల్లీ, పర్మనెంటు ఎప్పుడు చేస్తారు?" అని జాలిపడేది.

కోర్టు ఒక మనిషి తప్పు చేశాడని తేల్చి, అయినా జైలుకి పంపకుండా బయటే ఉంచితే, ఆ మనిషిని కనిపెట్టుకుని ఉండేవాళ్ళం మేము. చేతిలో లాఠీ ఉండదు, ఒంటి మీద యూనిఫారం ఉండదు. ఆ మనిషి మళ్ళీ తప్పు చేస్తే "వీణ్ణి బయట ఉంచమన్నదెవరు?" అని అందరూ మా వైపు చూస్తారు. చేయకపోతే ఎవరూ చూడరు. అందుచేత భయం జీతంతో పాటే వచ్చేది. ఈ లైనులోకి కొత్తగా వస్తున్న పిల్లలు కొందరు నన్ను సలహా అడుగుతూ ఉంటారు. ఫైళ్ళు ఎలా రాయాలో ఆఫీసులో నేర్పుతారు. ఫైల్లో రాయకుండా మిగిలిపోయేది చెబుదామని ఇది మొదలుపెట్టాను.

నా మొదటి పై అధికారి పెద్దగా మాట్లాడని మనిషి. చేరిన కొత్తల్లో, ఎవరినో సంస్కరించేశానన్న ఉత్సాహంతో నేను రిపోర్టు పట్టుకెళితే చదవకుండానే పక్కన పెట్టి, "అమ్మా, మనిషి మారాడా లేదా అన్నది నీకూ తెలియదు, నాకూ తెలియదు. రేపు పొద్దున్న వస్తాడా లేదా, అది చూడు" అన్నారు. ఆ మాట నాకు చాలాకాలం మోటుగా తోచింది. తర్వాత తర్వాత అందులో సగం నిజమని ఒప్పుకున్నాను. మిగతా సగం కామేశ్వరి గారి కేసు వచ్చేదాకా నాకు తేలలేదు.

దెందులూరు రైతు

కొత్త చట్టం వచ్చేసరికి నాకు సర్వీసు కొద్దిగానే మిగిలింది. మొదటిసారి చేసిన చిన్న దొంగతనానికి, ఆ వస్తువు తిరిగి ఇచ్చేస్తే, జైలు బదులు సమాజ సేవ వేయవచ్చని అందులో ఉంది. తాగి నలుగురిలో అల్లరి చేసినవాళ్ళకీ అంతే. ఆస్పత్రి ఊడవడమో, మొక్కలకి నీళ్ళు పోయడమో, కోర్టు చెప్పిన పని చెప్పినన్నాళ్ళు జీతం లేకుండా చేయాలి. మానేస్తే కోర్టు మళ్ళీ పిలుస్తుంది, అప్పుడు జైలే. మా ఆఫీసులో అందరం సంబరపడ్డాం. చిన్న తప్పుకి లోపలికెళ్ళి పెద్ద తప్పులు నేర్చుకొచ్చినవాళ్ళని మేము కళ్ళారా చూశాం మరి.

ఆ సంబరం ఎన్నాళ్ళో నిలవలేదు.

దెందులూరు దగ్గర పల్లెటూరి రైతు ఒకాయన, రాంబాబు అనుకుందాం. సొంత వరిచేలు, ఊళ్ళో మర్యాద ఉన్నవాడు. పెళ్ళి భోజనాల్లో తాగి, హైవే మీద బస్సాపి, డ్రైవరుని కిందకి దిగమని రచ్చ చేశాడు. ఏలూరులో ఒక ఆస్పత్రి ఆవరణ ఊడవమని కోర్టు శిక్ష వేసింది. రెండు రోజులు బుద్ధిగా చేశాడు. మర్నాడు మందులకని వచ్చిన వాళ్ళ ఊరివాడెవడో, చీపురు పట్టుకున్న రాంబాబుని ఫోన్లో వీడియో తీసి ఊరి గ్రూపులో పెట్టాడు. దాని కింద నవ్వే బొమ్మలు పెట్టినవాళ్ళు ఎందరో. ఆ మర్నాడు రాంబాబు పనికి రాలేదు. ఫోన్ తీయలేదు.

నేను బస్సెక్కి వాళ్ళ ఊరు వెళ్ళాను. వాళ్ళావిడ గుమ్మంలోనే, "పొద్దున్నే పొలం వెళ్ళారండీ. పురుగుమందు డబ్బా పట్టుకెళ్ళారు" అంది. ఆవిడ మామూలుగానే అంది. నేను మాత్రం అక్కడ నిలబడలేదు. చెప్పులు చేత పట్టుకుని గట్టు మీద పరుగు లాంటి నడక నడిచాను. రెండుసార్లు జారి మడిలో పడ్డాను. వెళ్ళి చూస్తే రాంబాబు వీపుకి స్ప్రేయరు కట్టుకుని చేనుకి మందు కొడుతున్నాడు.

"వరికి దోమ పట్టిందండీ. కొట్టకపోతే పంట పోద్ది" అన్నాడు నా బురద చీరకేసి ఆశ్చర్యంగా చూస్తూ. కాసేపటికి స్ప్రేయరు దించి, గట్టు మీద కూర్చుని, "మేడమ్ గారూ, నన్ను జైల్లో పెట్టించేయండి. అక్కడైతే ఎవరికీ కనబడను. ఇంట్లోవాళ్ళు ఏదో పని మీద ఊరెళ్ళాడని చెప్పుకుంటారు" అన్నాడు.

జైలు మనిషిని దాస్తుంది. ఈ శిక్ష మనిషిని వీధిలో నిలబెడుతుంది. చట్టం రాసినవాళ్ళకి తట్టిందో లేదో గానీ, నాకు ఆ గట్టు మీద తట్టింది. మేజిస్ట్రేటు గారిని బతిమాలి రాంబాబుని ఇంకో ఊళ్ళో పశువుల ఆస్పత్రికి మార్పించాను. శిక్ష పూర్తి చేశాడు. అప్పటినుంచి ఎవరి కేసు వచ్చినా నేను ముందు చూసేది ఒకటే: వీళ్ళని ఎవరూ ఎరగని చోటు ఎక్కడుంది?

కుంకుమ భరిణె

కామేశ్వరి గారు తాడేపల్లిగూడెంలో ఒక పురోహితుడి భార్య. ఆయన్ని శాస్త్రి గారు అందాం. పెళ్ళిళ్ళకీ, గృహప్రవేశాలకీ చుట్టుపక్కల మండలాలన్నిటిలోనూ ఆయన్ని పిలిచేవారు. కామేశ్వరి గారికి యాభై దాటి ఉంటాయి. ద్వారకా తిరుమల దర్శనానికి వెళ్ళి, కొండ కింద కొట్లో ఇత్తడి కుంకుమ భరిణె ఒకటి కొంగులో దాచారు. కెమెరాలో పడింది. కొట్టువాడు కేసు పెట్టాడు. భరిణె తిరిగి ఇచ్చేశారు, కోర్టులో తప్పు ఒప్పుకున్నారు. మొదటి నేరం కాబట్టి సమాజ సేవ పడింది.

మొదటిరోజు మా ఆఫీసుకి దంపతులిద్దరూ వచ్చారు. ఆవిడ తల ఎత్తలేదు. శాస్త్రి గారు ఆవిణ్ణి వరండాలో కూర్చోబెట్టి, నా గదిలోకి వచ్చి, తలుపు దగ్గరగా వేసి, గొంతు తగ్గించారు.

"ఏవండీ మేడమ్ గారూ, మీరు ఆడవారు, మీ దగ్గర దాచకూడదు. ఇది మొదటిది కాదండీ. వ్రతాలకి వెళ్ళిన ఇళ్ళల్లో ఉద్ధరిణో, పళ్ళెమో తెచ్చేసేది. నేను చూసుకుని, ఏదో వంకన మళ్ళీ వెళ్ళి అక్కడ పెట్టి వచ్చేవాణ్ణి. మా ఇంట్లో వెండి సామానుందండీ. లేక కాదు."

"డాక్టరుకి చూపించారా?"

"డాక్టరెందుకండీ? మా ఆవిడకేం పిచ్చా?" అని ఆయన కోప్పడ్డారు. అంతలోనే చేతులు జోడించారు. "ఎక్కడ వేసినా వేయండి గానీ, మా వాళ్ళెవరికీ కనబడని చోట వేయండి. తెలిస్తే నన్ను ఇంకో గుమ్మం ఎక్కనివ్వరు."

ఆయన వెళ్ళాక ఆవిణ్ణి ఒంటరిగా పిలిచి, ఎందుకు తీశారని అడిగాను. అడగకూడని ప్రశ్న అది, జవాబు ఉండదు. అయినా అడిగాను. ఆవిడ, "తీసేటప్పుడు భయం వేయదండీ. ఇంటికెళ్ళాక వేస్తుంది. ఆ వస్తువు వైపు చూడలేను కూడాను" అన్నారు.

ఏలూరులో మానసిక వైద్యుడి దగ్గరికి నెలకోసారి వెళ్ళాలని కోర్టు చేత షరతు పెట్టించాను. శాస్త్రి గారు ఇష్టం లేకుండానే ఒప్పుకున్నారు. ఇక పని ఎక్కడ? తాడేపల్లిగూడెం కుదరదు. ఏలూరులో కూడా ఆయన చేత పూజలు చేయించుకునే యజమానులు ఉన్నారు. నల్లజర్ల వైపు ఆయనకి చుట్టరికాలు. ఆఖరికి కొల్లేరు లంకల్లో ఒక ఊరి ఆరోగ్య ఉపకేంద్రం దొరికింది. చుట్టూ చేపల చెరువులు, ఊరికి ఒకటే రోడ్డు, వానాకాలం వస్తే దాని మీదకీ నీళ్ళొచ్చే ఊరు. ఆవిడ పొద్దున్నే రైలెక్కి ఏలూరులో దిగి, అక్కణ్ణించి బస్సులో వెళ్ళాలి. గదులు తుడవడం, రోగులకి మంచినీళ్ళు అందించడం, దూది కట్టలు సర్దడం పని. ఆవిడ ఎందుకొచ్చారో ఆ ప్రాంతపు డాక్టరు గారికి మాత్రం చెప్పాను, అది నియమం. మిగతావాళ్ళకి చెప్పమని ఏ నియమంలోనూ లేదు. చెప్పలేదు.

అమ్మగారు

ఉపకేంద్రంలో నర్సు నాగమణి. రోజూ ఊడ్చి కడిగే మనిషి మరియమ్మ. భార్యని మొదటిరోజు దింపడానికి శాస్త్రి గారే వెళ్ళారు. పంచె, ఉత్తరీయం, నుదుట బొట్టు చూసి నాగమణి లేచి నిలబడి, "ఏ పని మీద వచ్చారండీ?" అంది.

"మా ఆవిడకి మొక్కు ఉందమ్మా. కొన్నాళ్ళు సేవ చేసుకుంటుంది" అన్నారాయన.

ఒక్క మాటకి ఊరంతా మారిపోయింది. చీపురు పట్టుకుంటే మరియమ్మ లాక్కునేది. "అమ్మగారూ, మీరు కూర్చోండమ్మా, పాపం తగులుద్ది." చెరువుల దగ్గర పనిచేసే ఆడవాళ్ళు మందులకని వచ్చి, ఆవిడ దగ్గర కూర్చుని కష్టసుఖాలు చెప్పుకునేవారు. అరటిపళ్ళు తెచ్చేవారు. నేను వారానికోసారి వెళ్ళి చూసేదాన్ని. పని బాగా చేస్తున్నారు, వేళకి వస్తున్నారు. పైకి చూస్తే అంతకంటే మంచి కేసు లేదు. నా చూపు మాత్రం ఊరుకునేది కాదు. ఆ గదిలో తాళం లేని బీరువా ఉంది. రోగుల సంచులు ఎక్కడపడితే అక్కడ ఉంటాయి. నాగమణి ఫోను బల్ల మీదే ఉంటుంది. అవన్నీ నేను చూస్తున్నానని కామేశ్వరి గారికి తెలుసు. తను వాటికేసి చూడటం లేదని నాకు తెలియడానికి ఆవిడ తల దించుకునే తిరిగేవారు.

శ్రావణమాసం వచ్చింది. ఒక శుక్రవారం ఆవిడ నాకు ఫోన్ చేశారు.

"మేడమ్, ఇక్కడివాళ్ళు నన్ను పేరంటానికి పిలుస్తున్నారండీ. నా కాళ్ళకి పసుపు రాస్తామంటున్నారు. నన్ను వేరే ఎక్కడైనా వేయండి. నన్ను తిట్టేచోట వేయండి."

"వచ్చేవారం వచ్చి మాట్లాడతానండీ" అన్నాను. వీధిలో నిలబెట్టకూడదని ఆవిణ్ణి దాచాను. దాచిన చోట ఆవిణ్ణి పీట మీద కూర్చోబెట్టారు. రెండింటిలో ఏది ఎక్కువ శిక్షో ఇప్పటికీ చెప్పలేను.

ఉంగరం

తర్వాతి వారం నేను వెళ్ళేసరికి ఉపకేంద్రం ముందు జనం. నాగమణి ఉంగరం పోయింది. పెళ్ళినాటి ఉంగరం. చేతులు కడుక్కునే ముందు తీసి సబ్బు పక్కన పెట్టానని, తిరిగి చూస్తే లేదని ఏడుస్తోంది. సబ్బు దగ్గర తుడిచింది మరియమ్మ. అందరూ మరియమ్మ చుట్టూ చేరారు. ఆమె తడి గుడ్డ చేతిలో పట్టుకుని, "నేను చూడనే లేదు నర్సమ్మా, నా పిల్లల మీద ఒట్టు" అని అదే మాట మళ్ళీ మళ్ళీ అంటోంది.

ఊరి ప్రెసిడెంటు గారు మోటారు సైకిలు మీద వచ్చి దిగారు. "కూర్చోబెట్టండి దాన్ని ఇక్కడ. కదలనివ్వకండి. పోలీసులకి ఫోన్ చేస్తాను" అని, లోపల నిలబడ్డ కామేశ్వరి గారిని చూసి గొంతు మార్చారు. "మీరు అటు వెళ్ళి కూర్చోండమ్మా. మీలాంటివారి ముందు ఈ గొడవ బాగోదు."

నాకు తెలిసిన విషయం అక్కడ ఇంకెవరికీ తెలియదు. చెబితే ఆవిడ బతుకు అక్కడితో సరి. చెప్పకపోతే మరియమ్మ స్టేషనుకి వెళుతుంది. కామేశ్వరి గారే తీసి ఉంటే నేను ఇద్దరికీ అన్యాయం చేసినదాన్ని అవుతాను. కామేశ్వరి గారిని వెనక గదిలోకి తీసుకెళ్ళి తలుపు వేశాను.

"నా వైపు చూసి చెప్పండి. తీశారా?"

ఆవిడ మొదటిసారి నా కళ్ళల్లోకి చూశారు. "తీయలేదండీ." ఆ వెంటనే, "మీరు అడగడం న్యాయమే. నేనైనా అడుగుదును" అన్నారు.

నమ్మానా? నమ్మాలనుకున్నాను. అది నమ్మకం కాదు. డాక్టరు గారికి ఫోన్ చేద్దామని, ఆయన వచ్చేదాకా పోలీసులని ఆపుదామని నేను నంబరు వెతుకుతూ ఉండగా, ఆవిడ తలుపు తీసుకుని బయటికి వెళ్ళిపోయారు. వెళ్ళి తన సంచి తెచ్చి నాగమణి ముందు బల్ల మీద బోర్లించారు. మజ్జిగన్నం గిన్నె, దువ్వెన, రైలు టిక్కెట్టు, మాత్రలు.

"ముందు నన్ను వెతకండమ్మా" అన్నారు. "నాకు మొక్కేమీ లేదు. నేను ద్వారకా తిరుమలలో ఒక కొట్లో దొంగతనం చేసి దొరికిపోయాను. జైలు బదులు కోర్టు నన్ను ఇక్కడికి పంపింది. ఈ మేడమ్ గారు నన్ను చూడటానికే వారంవారం వస్తున్నారు. ఈ గదిలో దొంగతనం చేసినట్టు రుజువైనదాన్ని నేనొక్కదాన్నే. నన్ను వదిలేసి మరియమ్మని కూర్చోబెడితే ఎలాగమ్మా?"

ప్రెసిడెంటు గారు నా వైపు తిరిగి, "నిజమేనా మేడమ్?" అన్నారు.

"నిజమేనండీ" అన్నాను.

పేరంటానికి పిలిచిన ఆడవాళ్ళలో ఒకామె ముక్కు మీద వేలేసుకుంది. ఇంకొకామె, "అమ్మో, మా ఇంట్లోకి కూడా వచ్చిందే" అంది. అప్పటిదాకా 'వచ్చారు' అన్న నోరే. నాగమణి సంచి దులిపింది, కొంగు విప్పి చూపించమంది. కామేశ్వరి గారు చూపించారు. ఏమీ లేదు. ప్రెసిడెంటు గారు, "సరే, ఇద్దరినీ ఉంచండి, ఎవరో పోలీసులే తేలుస్తారు" అని ఫోను చెవికి పెట్టుకుని వాకిట్లోకి నడిచారు. బెంచీ మీద మరియమ్మ, ఆ పక్కన కామేశ్వరి గారు. పాత కేసు ఉన్న మనిషి కాబట్టి పోలీసులు ఎవరిని పట్టుకుంటారో నాకు తెలుసు. అరెస్టయితే సమాజ సేవ రద్దు. ఆ పైన ఆ ఇల్లు ఏమవుతుందో ఊహించడానికి కూడా నాకు ధైర్యం లేకపోయింది.

గంటసేపు గడిచి, పోలీసులు దారిలో ఉన్నారని కబురు వచ్చాక, నాగమణి ఉన్నట్టుండి లేచింది. పొద్దున్న చెరువులో గాజుపెంకు గుచ్చుకున్న ఒకాయన కాలికి కట్టు కట్టానని తనలో తాను అనుకుంటూ, వాడేసిన గ్లౌజులు పడేసే ఎర్ర సంచిని కింద కుమ్మరించింది. ఒక గ్లౌజు వేలు చివర ఏదో గట్టిగా తగిలింది. తిరగేసి లాగితే ఉంగరం జారి నేల మీద పడింది. గ్లౌజుతో పాటే ఊడి వచ్చేసింది. సబ్బు దగ్గర పెట్టడం నిన్నటి సంగతట, ఇవాళ్టిది అనుకుంది.

నాగమణి భోరుమని ఏడ్చి కామేశ్వరి గారి చేతులు పట్టుకుంది. "క్షమించండమ్మా" అంది. ప్రెసిడెంటు గారు ఇబ్బందిగా దగ్గి, "దొరికింది కదా, పోనిద్దురూ" అని, పోలీసులకి రావద్దని ఫోన్ చేసి బండి ఎక్కారు. మరియమ్మని మాత్రం ఎవరూ క్షమించమని అడగలేదు. నేనూ ఆ హడావిడిలో అడగలేదు. కామేశ్వరి గారు చేతులు విడిపించుకుని, "ఆవిడతో కూడా చెప్పమ్మా" అన్నారు. నాగమణి చెప్పింది. మరియమ్మ వినిపించుకోనట్టే గుడ్డ పిండుకుని నేల తుడవడానికి వెళ్ళిపోయింది.

బస్సు దగ్గర

శాస్త్రి గారు ఆ సాయంత్రం భార్యని తీసుకెళ్ళడానికి వచ్చారు. బస్సు దిగిన చోటే ఎవరో చెప్పేశారు. ఆయన మా దగ్గరికి నడిచి వచ్చేటప్పుడు మనిషి ఒక్కసారిగా ముసలివాడైపోయినట్టు కనిపించారు. చుట్టూ జనం ఉన్నారన్న సంగతి కూడా మరచిపోయి, "ఒక్క గంట ఓపిక పట్టి ఉంటే ఉంగరం దొరికేది కదే! ఒక్క గంట! ఎవరికీ ఏమీ తెలిసేది కాదు" అన్నారు.

"ఆ గంటసేపూ మరియమ్మ దొంగగా కూర్చునేది కదండీ" అన్నారు కామేశ్వరి గారు.

ఆయన ముందుగా నడిచి బస్సెక్కారు. బస్సులో భార్యకి రెండు సీట్లు అవతల కూర్చున్నారు. ఏలూరు దాకా నేను వాళ్ళ వెనకాలే ఉన్నాను. ఇద్దరూ కిటికీలకేసే చూస్తున్నారు. దిగేటప్పుడు ఆయన నాతో మెల్లిగా, "రేపటినుంచి రాదండీ. ఏం చేసుకుంటారో చేసుకోండి" అన్నారు.

కొత్తగా వచ్చే పిల్లలకి నేను చెప్పగలిగింది ఏమైనా ఉంటే ఇక్కడే ఉంది. మనుషుల్ని దాచడం మన చేతుల్లో ఉంటుందని అనుకోకండి. ఈ శిక్షలో దాపరికం ఎంతోకాలం నిలవదు. అలాగని మైకులో చెప్పించకండి, ఫోన్లతో వీడియోలు తీయనివ్వకండి. ఎప్పుడు ఎవరితో చెప్పుకోవాలో ఆ మనిషికే వదలండి. చెప్పుకున్న రోజున మీరు పక్కన ఉండండి. అనుమానం వస్తే చాటుగా వెతకకండి, ఎదురుగా అడగండి. అడిగితే మనిషి అవమానపడతాడని భయపడతాం. అడగకుండా చూసే చూపు అంతకంటే అవమానం. ఇంకో మాట. మనం ఒకరిని కాపాడే హడావిడిలో పక్కన ఏ కేసూ లేని మనిషి మీద ఏం పడుతోందో చూడం. మరియమ్మ పేరు నా రిపోర్టులో ఎక్కడా లేదు. ఉండాల్సిన పద్ధతి కూడా లేదు.

మర్నాడు

ఆ రాత్రంతా వాన. నాకు నిద్ర పట్టలేదు. పొద్దున్నే కామేశ్వరి గారికి ఫోన్ చేస్తే స్విచాఫ్. శాస్త్రి గారిది మోగి మోగి ఆగిపోయింది. రాంబాబు పొలం గట్టు గుర్తొచ్చింది. తాడేపల్లిగూడెం వాళ్ళింటికి వెళ్ళాలా, లంక ఊరికి వెళ్ళాలా తేలక, ఆఖరికి లంక ఊరికే వెళ్ళాను. ఆవిడ పనికి రావాలనుకుంటే అక్కడ ఎవరో ఒకరు ఉండాలి కదా అనిపించింది.

బస్సు ఊరి దాకా వెళ్ళలేదు. కొల్లేరు నీళ్ళు రోడ్డెక్కాయి. నేను ఒక ట్రాక్టరు ట్రక్కులో నిలబడి అవతలికి చేరాను. ఉపకేంద్రంలో మరియమ్మ ఒక్కతే ఉంది. నన్ను చూసి, "ఆయమ్మ రాలేదా అండీ?" అంది. 'అమ్మగారు' అనలేదు.

పని మొదలయ్యే వేళ దాటింది. రానివాళ్ళ సంగతి ఆ రోజే కోర్టుకి తెలపాలి. నేను కాగితం తీయలేదు. ఇద్దరం వరండాలో నిలబడి రోడ్డుకేసి చూస్తున్నాం. ఎటు చూసినా ఒకటే నీళ్ళు. రోడ్డు ఎక్కడుందో, చెరువు ఎక్కడుందో కరెంటు స్తంభాలని బట్టి పోల్చుకోవాలి. అడుగు తప్పితే అటు చెరువూ ఇటు చెరువే. ట్రాక్టరు మళ్ళీ ఒకసారి వచ్చింది. అందులో ఆవిడ లేరు. ఆ తర్వాత అదీ ఆగిపోయింది. నాగమణి కూడా వచ్చి మా పక్కన నిలబడింది.

మధ్యాహ్నం కావస్తుండగా స్తంభాల వరసలో దూరంగా రెండు ఆకారాలు కనిపించాయి. ముందు ఒక మగమనిషి పంచె మోకాళ్ళ పైకి ఎగ్గట్టి, చేతిలో వెదురు కర్రతో నీళ్ళల్లో పొడుచుకుంటూ, కింద రోడ్డు గట్టిగా తగిలాకే అడుగు వేస్తున్నాడు. తగిలిన చోట ఆగి వెనక్కి తిరిగి చూస్తున్నాడు. ఆయన అడుగు వేసిన చోటే అడుగు వేస్తూ, చీర కుచ్చిళ్ళు ఒక చేత్తోనూ, సంచి నెత్తి మీద ఇంకో చేత్తోనూ పట్టుకుని వెనకాల ఆవిడ వస్తున్నారు.

దగ్గరికి వచ్చేసరికి ఇద్దరూ నడుం దాకా తడిసిపోయి ఉన్నారు. శాస్త్రి గారు కర్ర గోడకి చేర్చి, ఊపిరి అందక కాసేపు వంగి నిలబడి, నాతో అన్నారు:

"ఏవండీ, రాలేదని రాసేయలేదు కదా? మా ఆవిడ ఫోన్లో ఛార్జింగు లేదు, నాది నీళ్ళపాలైంది. బస్సు అవతలే ఆగిపోయిందండీ. అందుకే ఆలస్యం."

కామేశ్వరి గారు అప్పటికే లోపలికి వెళ్ళారు. తడి చీరతోనే చీపురు అందుకోబోయారు. మరియమ్మ ఎప్పటిలా లాక్కోలేదు. చీపురు ఆవిడకే వదిలేసి, తను బకెట్టు తీసుకుని నీళ్ళకి బయలుదేరింది.